పచ్చ పొట్లం మీది తారీఖు

ముల్లంగి అట్లు వేసే ఆఫెన్ అందట, రైతు సంఘం ఆఫీసులో మేయ్‌చిన్ కంప్యూటర్‌ని ఆడిస్తున్నది చచ్చిపోయిన హోంగ్ గుమాస్తాయేనని. ఆ ఆఫీసులోనే ఇరవై ఆరేళ్ళు కూర్చున్నవాడు కదా, చంద్రుడి లెక్కన ఏడో నెలలో చచ్చినవాళ్ళ లోకం తలుపులు తెరుచుకోగానే నేరుగా ఆఫీసుకే వచ్చేశాడనీ, తెర మీద బాణం గుర్తు గెంతేది ఆయన వేలు తగిలేననీ, తను చూడలేదు గానీ చూసినవాళ్ళు ఉన్నారనీ. ఎరువుల కొట్టు లిన్ భార్య స్కూటర్ దిగకుండానే ఈ మాట మేయ్‌చిన్ చెవిన వేసి, "నా పేరు మాత్రం ఎత్తకక్కా" అంటూ పోయింది.

మేయ్‌చిన్‌కి నవ్వొచ్చింది. హోంగ్ బతికున్నన్నాళ్ళూ పదకొండు దాటితే గానీ ఆఫీసు మెట్లెక్కలేదు. ఎక్కినా నూనెలో వేయించిన వేరుసెనక్కాయలు నములుతూ పేపరు చదివేవాడు. అలాంటివాడు చచ్చాక ఎనిమిదింటికే వచ్చి కంప్యూటర్ మీద పనిచేస్తున్నాడంటే నమ్మేవాళ్ళకి హోంగ్ సంగతీ తెలీదు, కంప్యూటర్ సంగతీ తెలీదు.

అయితే బాణం గెంతుతున్న మాట నిజమే. జూలై చివర్లో వచ్చిన తుఫాను ఆ కొండవాలు తోటల్లో ఆఖరి కోత మామిడిని కాగితపు సంచులతో సహా నేల మీద పరిచి పోయింది. ఎవరికి ఎంత నష్టమో ఒక్కొక్కరి కాగితం చూసి కంప్యూటర్‌లో ఎక్కించి జిల్లాకి పంపే పని మేయ్‌చిన్‌ది. పంతొమ్మిదేళ్ళుగా ఆమెదే. ఏ గట్టు దాటితే ఎవరి చెట్లో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అలాంటి మనిషి రెండు ముక్కలు టైపు చేసేసరికి బాణం పక్కకి ఎగిరేది. ఎగిరి ఊరుకోదు, వాలిన చోట తనంతట తనే నొక్కేసేది. పేరు రాస్తుంటే ఊరు మారేది, ఊరు రాస్తుంటే పంట మారేది. ఇంట్లోంచి మౌస్ తెచ్చి తగిలించింది. అయినా టైపు చేసేటప్పుడు అరచెయ్యి ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పలక మీదే ఆనుతుంది, బాణం గెంతుతూనే ఉంది. మొదటిసారి జరిగిన రోజునే గోడ క్యాలెండర్‌లో ఏడో తారీఖు గడిలో ఎర్ర పెన్నుతో "గెంతింది" అని రాసుకుంది.

తొమ్మిదో తారీఖున ముసలి కో అనే మామిడి రైతు కాగితం ఎక్కించింది. డెబ్బై శాతం నష్టం. కింది గడిలో సర్వే నంబరు కొడుతుంటే పైన ఎక్కడో బాణం వాలి "నష్టం లేదు" అన్నచోట నొక్కేసింది. ఆమె తల ఎత్తేసరికి ఆ గడి తెర పైకి జరిగి కనపడకుండా పోయింది. పంపేసింది. పంపేముందు మళ్ళీ చూసుకోవలసింది. ఆ సంగతి మేయ్‌చిన్ తనకు తాను ఒప్పుకుంది. ఇంకెవరి దగ్గరైనా ఒప్పుకోవలసిన అవసరం ఆమెకి కనపడలేదు.

కంప్యూటర్లు చూసుకునేవాడు బోరుయ్. ఆఫీసు పెద్ద లై సారుకి సొంత బావమరిది. ఆ ఊళ్ళో కంప్యూటర్లు తెలిసినవాళ్ళు ఇంకో నలుగురున్నారు, కానీ వాళ్ళ అక్కలెవరినీ లై సారు పెళ్ళి చేసుకోలేదు. అందుకని ఏటా కాంట్రాక్టు బోరుయ్‌దే. ముప్పై ఆరేళ్ళవాడు, వెనక జుట్టు ముడి, నడుముకి స్క్రూడ్రైవర్ల తోలుసంచి. ఆ సంచి విప్పగా చూసినవాళ్ళు లేరు.

పిలిచిన మూడో రోజుకి వచ్చాడు. పలక మీద వేలితో ఇటోసారి అటోసారి గీశాడు.

"బాగానే ఉంది కదా ఆంటీ."

ఆఫీసులో అందరూ అక్కా అంటారు. ఆంటీ అనేవాడు వీడొక్కడే.

"గీస్తే బాగానే ఉంటుంది. టైపు చెయ్యి."

"టైపు చేసేది మీరు కదా. మీ చేతులు ఓసారి చూపించండి."

చూపించింది. తెల్లారగట్ల రెండు గంటలసేపు సొంత తోటలో పనిచేసి వచ్చే చేతులు. బోరుయ్ వాటిని సంతలో కాయ చూసినట్టు తిప్పి చూశాడు.

"ఇదిగో, ఇదీ సంగతి. అరచేతులు పెద్దవి, మోటుగా ఉన్నాయి. ఈ పలక సున్నితమైంది ఆంటీ. కంపెనీవాళ్ళు పట్నం ఆడవాళ్ళని చూసి తయారుచేస్తారు."

"పోయిన నెలలో ఈ అరచేతులు పట్నంలో ఉన్నాయా?"

"వయసు మీద పడేకొద్దీ చెయ్యి బరువెక్కుతుంది."

"వారం రోజుల్లోనా?"

వాడు జుట్టు ముడి సర్దుకున్నాడు.

"నువ్వేమన్నా మార్చావా ఇందులో? ఏమన్నా ఎక్కించావా?"

"నేనా? కొత్త సంవత్సరం తర్వాత ఈ మిషన్ మూత కూడా తియ్యలేదు. నడిచేదాన్ని ఎవడు కదుపుతాడు చెప్పండి."

పోతూ పోతూ ఇనప బీరువా మీదకి చూసి చేతులు జోడించాడు. అక్కడ వరసగా అయిదు పచ్చ పొట్లాలు నిలబెట్టి ఉన్నాయి, కొబ్బరి వాసన వేసే మొక్కజొన్న పేలాలవి. పేరులోనే బుద్ధిగా ఉండమని ఉంది గనక మిషన్ పక్కన పెడితే మిషన్ బుద్ధిగా ఉంటుందని ఆ దేశంలో డాక్టర్లూ నమ్ముతారు, ఇంజనీర్లూ నమ్ముతారు. పచ్చదే ఉండాలి, పసుపు పనికిరాదు. గడువు దాటితే మార్చాలి. బోరుయ్ ఇంకో మెట్టు పైన. ఏ మిషన్‌కి, ఏ పని చేసి, ఏ రోజున పెట్టాడో పొట్లం మీద నల్ల మార్కర్‌తో రాసి కింద తన పేరు పెడతాడు. లేకపోతే పొట్లానికి ఎవరి మాట వినాలో తెలీదట. పని చేసినా చెయ్యకపోయినా పొట్లం రాయడం మాత్రం మానడు. వాడు శ్రద్ధగా చేసే పని అదొక్కటే.

మర్నాడు లై సారు మేయ్‌చిన్‌ని గదిలోకి పిలిచాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి పెట్టాడు. తన అజాగ్రత్త వల్ల, కంప్యూటర్ సరిగా వాడటం రానందువల్ల తప్పు జరిగిందనీ, ఏ పనికి మార్చినా అభ్యంతరం లేదనీ, కింద సు మేయ్‌చిన్ అనీ ఉంది. సంతకం చోటు మాత్రం ఖాళీ.

"ఏ పనికి మారుస్తారు?" అంది.

"సంచుల షెడ్డులో మనుషులు తక్కువయ్యారు. నీకూ హాయి. కంప్యూటర్ బెడద ఉండదు."

మామిడికాయలకి తొడిగే కాగితపు సంచుల్ని వందలుగా కట్టకట్టే షెడ్డు అది. రేకుల కింద, ఎండలో. రాయడం రానివాళ్ళని వేస్తారు అక్కడ.

"మిషన్ చెడింది సార్. నా చెయ్యి కాదు."

"బోరుయ్ చూశాడు కదమ్మా. మిషన్ బాగానే ఉందన్నాడు. వాడు చదువుకున్నవాడు."

"నేనూ చదువుకున్నదాన్నే. వాడి చదువు మీ ఇంట్లో తెలుసేమో, ఈ ఆఫీసులో ఎవరికీ తెలీదు."

లై సారు నొచ్చుకోలేదు. తుడిచిన గాజులాంటి ముఖం ఆయనది, ఏదీ అంటదు. "చూడు మేయ్‌చిన్, కో తాత కాగితం సరిదిద్దాలంటే మనం జిల్లాకి ఉత్తరం రాయాలి. శుక్రవారం అయిదింటి దాకా గడువు. ఉత్తరంలో తప్పెవరిదో రాయాలి కదా. నువ్వు సంతకం పెడితే ఉత్తరం పోతుంది. పెట్టకపోతే ఆ ముసలాయన ఏడాది కష్టం నీ మొండితనానికి పోతుంది. నీ ఇష్టం."

ఆ మాట ముసలి కోకి కూడా చేరవేశాడు. సాయంత్రానికల్లా ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని మేయ్‌చిన్ బల్ల ముందు నిలబడ్డాడు.

"పెట్టేయరాదూ అమ్మాయ్. సంతకమేగా."

"పెడితే నేను షెడ్డుకి పోతాను బాబాయ్."

"షెడ్డులోనూ జీతమిస్తారుగా. నా చెట్లకి ఎవరిస్తారు?"

ఆయన మీద ఆమెకి కోపం రాలేదు. కానీ పంతొమ్మిదేళ్ళు ఆయన కాగితాలు రాసిపెట్టిన చేతులు ఈ ఒక్క మాటతో చల్లబడ్డాయి.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు వాకిట్లో ఏడో నెల పూజ. ఆ నెలలో దయ్యం అన్న మాట ఎవరి నోటా రాదు, మంచి అన్నలు అంటారు. మంచి అన్నలు వచ్చి తినిపోవడానికి పొడుగు బల్లలు వేసి, పందితలా, పళ్ళూ, నూడుల్సూ, కూల్‌డ్రింకులూ పేర్చి, చెయ్యి కడుక్కోవడానికి పళ్ళెంలో నీళ్ళూ కొత్త తువ్వాలూ పెట్టారు. లై సారు మేయ్‌చిన్ ల్యాప్‌టాప్‌ని కూడా మూత తీసి ఆ బల్ల మీదే, పందితల పక్కన పెట్టించాడు. హోంగ్‌కి ఏదన్నా వెలితి ఉంటే తీరిపోతుందట. తప్పు మేయ్‌చిన్‌దని రాసిన కాగితం ఒక జేబులో, మిషన్‌కి శాంతి ఇంకో చేత్తో. ఆఫెన్ అట్ల బండి మూసి వచ్చి ముందు వరసలో నిలబడి, తన మాట నిజమైనందుకు తల ఊపుతోంది.

బల్ల ఓ చివర బోసిగా ఉంది. ఇచ్చిన బడ్జెట్‌కి లై సారు కొన్నది తక్కువ.

"బీరువా మీద పచ్చ పొట్లాలున్నాయిగా, పట్రా మేయ్‌చిన్. పూజయ్యాక మళ్ళీ పెట్టేద్దాం."

లోపలికి పోయి కుర్చీ ఎక్కింది. అయిదూ దింపి ఒళ్ళో వేసుకుని దుమ్ము తుడవబోతే మూడో పొట్లం మీద రాత కనబడింది. మూడో నంబరు మిషన్ ఆమెదే. ఉన్నవాటిలో ఆ ఒక్కదాని మీదే దుమ్ము లేదు.

*మూడో మిషన్‌కి. టచ్‌ప్యాడ్ కొత్త డ్రైవర్ ఎక్కించాను. ఆగస్టు ఆరు. బుద్ధిగా ఉండు, గెంతకు. జువాంగ్ బోరుయ్.*

రెండుసార్లు చదివింది. గోడ క్యాలెండర్ వంక చూసింది. ఏడో తారీఖు గడిలో ఎర్ర అక్షరాలు అక్కడే ఉన్నాయి. క్యాలెండర్‌ని మేకు నుంచి ఊడదీసి చంకలో పెట్టుకుని బయటికి వచ్చింది.

నాలుగు పొట్లాలు బల్ల మీద పెట్టింది. మూడోది బోరుయ్ చేతికిచ్చింది. వాడు అప్పుడే సగ్గుబియ్యం ఉండలు వేసిన చల్లటి టీ గ్లాసులోకి గొట్టం గుచ్చుకుంటున్నాడు.

"కళ్ళజోడు తేలేదు అబ్బాయ్. కాస్త చదివిపెట్టు."

వాడు చూశాడు. చదవలేదు. ముసలి కో దగ్గరికొచ్చి పొట్లం లాక్కుని, దూరంగా పట్టుకుని, అక్షరం అక్షరం గట్టిగా చదివాడు. బోరుయ్ పేరు దాకా చదివాడు. మేయ్‌చిన్ క్యాలెండర్ విప్పి ఏడో తారీఖు చూపించింది.

"డ్రైవర్ అంటే ఏమిటి?" అన్నాడు కో.

బోరుయ్యే చెప్పాల్సి వచ్చింది. "అదే బాబాయ్... చేత్తో రుద్దే పలకకీ కంప్యూటర్‌కీ మధ్య మాట మోసే సాఫ్ట్‌వేర్. కొత్తది వచ్చింది. కొత్తది కదా, మంచిదని..."

"పాతది గెంతిందా?" అంది మేయ్‌చిన్.

"లేదు."

"మరెందుకు మార్చావు?"

"అన్నింటికీ మారుద్దామని ముందు ఒకదానికి వేసి చూశాను."

"చూశావా?"

టీ గ్లాసులో సగ్గుబియ్యం ఉండ ఒకటి గొట్టానికి అడ్డం పడింది. వాడు పీల్చడం మానేశాడు.

"మూత కూడా తియ్యలేదన్నావు. నా చేతులు సంతలో కాయల్లా తిప్పి చూశావు. ఇప్పుడు తీసెయ్ దాన్ని. పాతది పెట్టు."

"పూజ మధ్యలో..."

"మంచి అన్నలకి తొందరలేదు," అన్నాడు కో. "నాకుంది. టైము మూడూ పది."

పందితల పక్కనే, ఊదొత్తుల పొగలో, బోరుయ్ నాలుగు చోట్ల నొక్కాడు. పాత డ్రైవర్‌కి తిరిగి వెళ్ళమని అడిగే గడి ఒకటి వచ్చింది. అవునని నొక్కాడు. మిషన్ ఆగి మళ్ళీ తెరుచుకుంది. అంతా కలిపి ఊదొత్తి సగం కూడా కాలలేదు. ఈ పని కోసం పది రోజులు, ఒక ముసలాయన బతిమాలడం, చచ్చిన హోంగ్ పరువు.

మేయ్‌చిన్ ముందుకొచ్చి రెండు అరచేతులూ పలక మీద బాగా ఆనించింది. ఆనించి, ముసలి కో పేరూ, ఊరూ, సర్వే నంబరూ గబగబా కొట్టింది. బాణం ఎక్కడున్నది అక్కడే ఉంది. ఇంకోసారి కొట్టింది. కదల్లేదు.

"పాతదాన్లో టైపు చేస్తున్నంతసేపూ పలక పట్టించుకోదు," అన్నాడు బోరుయ్ నేల చూస్తూ. "కొత్తదాన్లో ఆ సంగతి పోయినట్టుంది."

"హోంగ్ కాదన్నమాట," అంది ఆఫెన్, ఎవరో తనని మోసం చేసినట్టు.

అంతమంది చూస్తుండగా లై సారుకి ఉత్తరం రాయక తప్పలేదు. మేయ్‌చిన్ అక్కడే నిలబడి టైపు చేసింది, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చినందువల్ల వచ్చిన లోపమని. ఆయన ముద్ర వేశాడు. మూడూ యాభైకి జిల్లాకి పోయింది. అందినట్టు జవాబొచ్చిందాకా కో కదల్లేదు. వచ్చాక టోపీ పెట్టుకుని మేయ్‌చిన్ వైపు ఏదో అనబోయాడు. ఆమె చూడలేదు.

మంచి అన్నలకి డబ్బుగా అందాలని కాగితాలు కాల్చే కుంపటి రాజేశారు. జనం దాని చుట్టూ చేరారు. లై సారు మేయ్‌చిన్ పక్కకి వచ్చి, ఆ తుడిచిన ముఖంతోనే, జేబులోంచి మడత కాగితం తీశాడు. షెడ్డు గురించిన వరస పెన్నుతో కొట్టేసి ఉంది. మిగతాదంతా అలాగే ఉంది.

"అయిపోయిందనుకో. కానీ ఫైల్లో ఏదో ఒకటి పెట్టాలి కదమ్మా. రేపు పైవాళ్ళు అడిగితే బోరుయ్ కాంట్రాక్టు పోతుంది. పిల్లలున్నవాడు. మనమంతా ఒక కుటుంబం. నిన్నెవరూ ఏమీ అనరు, పూచీ నాది. ఒక్క సంతకం, అంతే."

బోరుయ్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఈసారి "అక్కా" అన్నాడు.

మేయ్‌చిన్, కో చదివి బల్ల మీద పెట్టిన ఆ పచ్చ పొట్లాన్ని తీసి లై సారు చేతిలో ఉన్న కాగితం మీద పెట్టింది.

"సంతకమే కదా సార్ కావాల్సింది. దీని మీద ఉంది, చింపి ఫైల్లో పెట్టుకోండి."