గడ్డం ఎత్తిన కుంబాంగ్

కాతిక్ లెక్కలో కుంబాంగ్ అంటే ఇంటిల్లిపాదికీ పూటకూడు. పరియామన్ తీరంలో కొబ్బరి దింపే కోతులు చాలానే ఉన్నాయి. కానీ ముదిరిన కాయను కంటితోనే పోల్చి, మెలిపెట్టి తెంపడంలో ఈ మగకోతికి సాటి లేదు. అలాంటిది ముసలితనంలో ఎదురు తిరిగింది. ఈమధ్య గడ్డం పైకెత్తి యజమాని ముఖంలోకి గుచ్చి చూస్తోంది.

మగకోతి అలా చూసిందంటే ఇవాళ చూపు, రేపు కోర. తల దించేదాకా తిండి ఆపడం ఆ తీరం పద్ధతి. కాతిక్ ఆపేశాడు.

తోట యజమానురాలు రొస్మా కంచె అవతల నుంచి ఎగతాళి చేసింది. "ఏం కాతిక్, మీ ఇంట్లో పెత్తనం ఎవరిదిప్పుడు? నీదా, దానిదా?"

"కడుపు కాలితే అదే దించుతుందిలే అక్కా."

దించలేదు. అన్నం గిన్నెతో ఎదురుగా నిలబడ్డప్పుడల్లా ఇంకా పైకి ఎత్తింది. గిన్నె వెనక్కి వెళ్లింది.

పడాంగ్‌లో పశువుల డాక్టరుగా ఉన్న మేనకోడలు దెస్మి వచ్చేసరికి కుంబాంగ్ గోడకు జారగిలబడి ఉంది. ఆమె దాని తలను రెండు అరచేతుల మధ్య కదలకుండా పట్టుకుంది. "మామా, అరటిపండు దాని ముక్కు దగ్గర్నుంచి మెల్లగా పైకి తీసుకెళ్లు."

కళ్లు కొంతదూరం పండు వెంట వచ్చి ఆగిపోయాయి. తల వదలగానే గడ్డం లేచింది, చూపు పండును అందుకుంది.

"పొగరు కాదు మామా. కంటిని తిప్పే కండలు ముసలివయ్యాయి. కణాల్లో సత్తువ పుట్టించే భాగాలు పాడై, పోగులు సన్నబడి, సందుల్లో కొవ్వు చేరుతుంది. కన్ను పైకి లేవదు. అందుకే ముఖమంతా ఎత్తి చూస్తోంది."

"ఎవర్ని?"

"నిన్నే. అన్నం పెడతావని."

కాతిక్ పండు ఒలిచి నోటికి అందించాడు. కుంబాంగ్ కొరకలేదు. పోసిన నీళ్లు పెదాల పక్కనుంచి కారిపోయాయి. సాయంత్రం నమాజు పిలుపు ముగిసేలోపే పోయింది.

కొబ్బరి బేరాల్లో సరుకును తప్పుగా అంచనా కట్టడం కాతిక్‌కు కొత్త కాదు. నష్టం దిగమింగి మరో బేరానికి వెళ్లేవాడు. ఈసారి గొంతు దిగలేదు.

మర్నాడు గొయ్యి పూడ్చాక రొస్మా అడిగింది. "మరి నా కాయల సంగతి?"

"ఎన్ని ముదిరాయో చూస్తానుండు." కాతిక్ చెట్టు తలవైపు గడ్డం ఎత్తాడు.

దెస్మి అతణ్నే చూస్తోంది.

అతనే గడ్డం దించాడు. తల కదపకుండా కళ్లు మాత్రం ఎత్తి చూశాడు. మాను సగందాకా కనిపించింది. కాయలు కనిపించలేదు.