ఐదున్నర మోత

బెరిల్ పొద్దున ఐదున్నరకి లేచి మొట్టమొదట చేసే పని బాయిలర్‌ని చెక్కగరిటెతో కొట్టడం. ఎలా పడితే అలా కొడితే అది మాట వినదు. వంటింటి మూలన అది ఉండే బీరువా తలుపు తీసి, కింద గుండ్రంగా ఉండే పంపుకి ఎడమ పక్కన, గరిటె కాడతో రెండే దెబ్బలు. ఒక్కటి వేస్తే పట్టించుకోదు, మూడోది వేస్తే అలుగుతుంది. తర్వాత నీటి ఒత్తిడి చూపే ముల్లు ఒకటి అంకె దాటేదాకా కింది కుళాయి తిప్పి నీళ్ళెక్కించాలి. ఆ పైన మేడమీది స్నానాలగదిలో గది వెచ్చబరిచే రేడియేటర్ దగ్గరికి వెళ్ళి, గుడ్డ అడ్డం పెట్టి, ఇత్తడి తాళంచెవి తిప్పి గాలి వదలాలి. బుస్సుమని గాలంతా పోయి ఆఖర్న ఓ చుక్క నీరు రాలుతుంది. అప్పుడుగాని షెఫీల్డ్‌లో ఆ కొండవాలు ఇల్లు వెచ్చబడదు. ఈలోపల అది చేసే గోల ఇంతా అంతా కాదు. ముందు ఈల, తర్వాత పది కెటిళ్ళు ఒక్కసారి మరిగినట్టు రొద, ఆపైన గొట్టాల్లో ఎవరో సుత్తి పట్టుకుని తిరుగుతున్నట్టు ఢమఢమలు.

అంత మోతలోనూ ఆమె మొగుడు క్లిఫ్ గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ముప్ఫై ఏళ్ళు ఉక్కు కార్ఖానాలో ఇల్లంత సమ్మెట పక్కన నిలబడ్డ మనిషి. ఆ వీధి మగాళ్ళందరి లాగే చెవులు కార్ఖానాకి ఇచ్చేసి ఇంటికొచ్చాడు. మనిషి మాత్రం వెన్న. ఆదివారం పూట తన బూట్లతో పాటు ఆమె బూట్లూ మెరిసేలా తుడిచి గుమ్మంలో పెట్టేవాడు. ఏడింటికి మేడ దిగి, పిల్లిలా రేడియేటర్‌కి వీపు ఆనించి, "మన బాయిలర్ బంగారమే బెరిల్. ఇన్నేళ్ళుగా కిక్కురుమనలేదు" అనేవాడు. రోజూ అనేవాడు. బెరిల్ అతని ముందు గంజి గిన్నె పెట్టి ఊరుకునేది.

మొదట్లో ఊరుకోలేదు లెండి. "ఏమయ్యా, అది అరుస్తోంది, ఎవరినైనా పిలు" అని నెత్తీనోరూ కొట్టుకుంది. "ఏదీ, నాకేం వినపళ్ళేదే! మోత నీ చెవుల్లో ఉందేమో చూసుకో" అని నవ్వేవాడు. అప్పటికి వీధిగదిలో మంచం మీదున్న అత్తగారు ఇంకో మెట్టు ఎక్కేది. "ఆ వయసులో ఆడాళ్ళకి ఏవేవో వినపడతాయిలేరా. నేను బొగ్గులు మోసి పొయ్యి రాజేసేదాన్ని. మహారాణికి బొత్తం నొక్కితే వేడి, ఇంకా ఏడుపెందుకంట?" చెవిటివాడికి మోతని రుజువు చెయ్యడం ఎలాగో ఎవరికైనా తెలిస్తే చెప్పొచ్చు. బెరిల్‌కి తెలియలేదు. గరిటె అందుకుంది.

అందుకున్నాక చిత్రంగా దానిమీద ఆపేక్ష పుట్టింది. ఇల్లంతా నిద్రలో ఉన్న ఆ ముప్పావుగంట ఆమెదే. "లే తల్లీ, లే, మొండికెయ్యకు" అని బతిమాలేది. ఎవరికీ చెప్పనివి దానికి చెప్పేది. బడి వంటింట్లో మూడు వందల మంది పిల్లలకి బంగాళాదుంపలు మెదిపి మెదిపి తన భుజం ఎలా పట్టేసిందో చెప్పింది. అత్తగారు పోయిన రోజున, ఏడుపు రాదేమో అనుకుంటే వచ్చిన సంగతి చెప్పింది. అది ఈల వేసి ఊఁ కొట్టేది. ఆ ఇంట్లో ఆమె మాటకి వెంటనే బదులిచ్చింది అదొక్కటే.

కానీ అది ఆమె కాలికి కట్టిన తాడు కూడాను. ఆమె అక్క ఎడ్నా విట్బీలో, సముద్రపు ఒడ్డున ఉంటుంది. ఏటా ఫిబ్రవరిలో ఫోన్ చేసేది. "చలికాలం సముద్రం చూడాలే చెల్లీ! జనం ఉండరు. కెరటం గోడెక్కి మనిషిని పలకరిస్తుంది. ఒక్క వారం వచ్చిపో."

"ఎలా వస్తానే? బాయిలర్ ఉందిగా."

"ఊళ్ళో ఆడాళ్ళు ఇంట్లో పసిపిల్ల ఉందంటారు, నువ్వు బాయిలర్ ఉందంటావు. ఇరవై రెండేళ్ళొచ్చాయి కదే, ఇంకా పాలు మానలేదా అది?"

ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు. ఫోన్ పెట్టేశాక బెరిల్‌కి నవ్వొచ్చేది కాదు. వేసవిలో వెళ్ళి తినుబండారాల కాగితాల మధ్య, జనం మోకాళ్ళ సందుల్లోంచి చూసే సముద్రం వేరు. తను కోరుకుంటున్నది ఆ ఖాళీ ఒడ్డుని. ఈ ఏడు ఎడ్నా నవ్వలేదు. "నాకు డెబ్బై రెండు, నీకు డెబ్బై. ఇంకెన్ని చలికాలాలు వాయిదా వేస్తావే?" అంది.

ఆ వారమే క్లిఫ్‌కి ఆసుపత్రివాళ్ళు కొత్త చెవిమిషన్లు ఇచ్చారు. కొత్త బూట్లు కొనిచ్చిన పసివాడిలా తీయనంటే తీయనని, వాటితోనే పడుకున్నాడు. తెల్లారి ఐదున్నరకి, మేడమెట్ల మీంచి గొడుగు కర్రలా ఎత్తిపట్టి, ఒంటికాలి మేజోడుతో దబదబా దిగొచ్చాడు. కింద దొంగా లేడు, దొరా లేడు. పెళ్ళాం చేతిలో గరిటె.

"ఒసే! ఏమిటే ఆ మోత?"

"బాయిలర్."

"ఎప్పట్నుంచీ?"

"మీ అమ్మ ఉన్నప్పట్నుంచీ."

క్లిఫ్ ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. గొట్టాలు ఢమఢమలాడుతుంటే ఒక్కో దెబ్బకీ భుజాలు ముడుచుకున్నాడు. "పెందరాళే లేవడం నీకిష్టమనుకున్నానే. ఒక్కదానివే ప్రశాంతంగా టీ తాగుతావనుకున్నా" అన్నాడు. బెరిల్ కుళాయి వైపు వంగింది. ముల్లు ఇంకా ఒకటి దాటలేదు.

ఆ మధ్యాహ్నమే మెకానిక్ వచ్చాడు. పేరు గ్రాంట్, నలభై దాటిన మనిషి. తలుపు తీసిన బెరిల్‌ని దాటుకుని తిన్నగా క్లిఫ్ దగ్గరికి వెళ్ళి, "ఏంటి పెద్దాయనా, ఏమంటోంది?" అన్నాడు.

క్లిఫ్ గొంతు సవరించుకున్నాడు. "నిన్నటిదాకా గడియారంలా నడిచిందయ్యా. ఇవాళ పొద్దున్నే చెడింది."

టీ పోస్తున్న బెరిల్ కెటిల్ దించేసింది. "ఇవాళ కాదు," అంది. ఈల ఎన్నింటికి మొదలవుతుందో, రొద ఎక్కడ పుడుతుందో, ముల్లు వారంలో ఎన్నిసార్లు పడిపోతుందో, మంచు పడితే ఏమిటో, వాన పడితే ఏమిటో, రెండు దెబ్బలెందుకో అంతా చెప్పింది. చెబుతుంటే గ్రాంట్ మెల్లగా తన పీటని ఆమె వైపు తిప్పుకున్నాడు. బీరువాలో తల దూర్చి చూసి బయటికొచ్చాడు.

"పంపు అరిగిపోయింది. గొట్టాల్లో నల్లబురద. పదేళ్ళ కిందటే పోవలసింది. ఎవరు బతికించారు దీన్ని?"

క్లిఫ్ చేతిలోని చెంచాతో పెళ్ళాన్ని చూపించాడు. "ఈవిడే."

"పెద్ద పనేం కాదు, ఓ పూట చాలు. కొత్త పంపు తెప్పించి వచ్చే గురువారం బిగిస్తా. అందాకా రోజూ చేసినట్టే చేస్తూ ఉండండమ్మా."

ఒక్క పూట పని! ఇరవై రెండు చలికాలాలు, ఒక్క పూట పని. బెరిల్‌కి ముందు కోపం రాలేదు, పెంచిన బిడ్డని ఎవరో చంకనేసుకుపోతున్నట్టు గుండెలో కలుక్కుమంది. తర్వాత తలెత్తి చూస్తే మగాళ్ళిద్దరూ తనకేసే చూస్తున్నారు. ఆ చూపుల్లో చెడ్డతనం ఇసుమంతైనా లేదు. రేపూ తనే లేస్తుందని, బల్ల మీద ఉప్పుసీసా ఉంటుందన్నంత నమ్మకం, అంతే. అప్పుడొచ్చింది కోపం. వచ్చి, నిలవకుండా, వెచ్చటి నవ్వుగా మారింది.

నడవలోకి వెళ్ళి ఫోన్ తీసింది. "అక్కా, రేపు బయల్దేరుతున్నా. పక్క సర్దిపెట్టు."

"నిజంగానా! మరి పసిపిల్లో?"

"వాళ్ళ నాన్న ఉన్నాడు."

మర్నాడు ఐదున్నరకి మొగుణ్ణి లేపి, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చింది. పెట్టె అప్పటికే గుమ్మంలో ఉంది, పక్కన ఆమె బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. ఎప్పుడు తుడిచాడో, ఆదివారమైనా కాదు. ఆమె వాటిని చూసింది. అయినా గరిటె అతని చేతిలోనే పెట్టింది.

"నా వల్లేం అవుతుందే? నీ చేతికి అలవాటు."

"ఇల్లంత సమ్మెటని ఆడించినవాడివి, గరిటె ఆడించలేవా?"

మూడు దెబ్బలు వేశాడు. అది అలిగింది. బెరిల్ చేతులు కట్టుకునే నిలబడింది. మళ్ళీ వేశాడు, ఈసారి రెండే. లోపల ఏదో గుటక వేసి కదిలింది. క్లిఫ్ ముఖం వెలిగింది, అంతలోనే బెంగపడింది.

"రేపు నాకు మెలకువ రాకపోతేనో?"

బెరిల్ కోటు బొత్తాలు పెట్టుకుని, అతని చెవిలో వంకరగా వేళ్ళాడుతున్న మిషన్‌ని సరిగ్గా కూర్చోబెట్టి, చెంప నిమిరింది.

"వస్తుందిలే. ఇప్పుడు నీకు వినపడుతుందిగా."