మాట పూర్తయ్యేదాకా

ఆదివారం మధ్యాహ్నం బాలామణి సోఫా పక్కన కింద కూర్చుని వారానికి సరిపడా వెల్లుల్లి ఒలుస్తోంది. జర్మనీలోని ఈ గార్చింగ్‌లో ఆదివారం చప్పుళ్లు చెయ్యకూడదు, మిక్సీ వేస్తే కింది వాటావాళ్లు ఊరుకోరు. అందుకని ఒలవడం ఇవాళ, నూరడం రేపు. పొట్టు పోగు దగ్గర మనవరాలు ఈషా ఆడుకుంటోంది. టీవీలో ఏదో పాతకాలపు రాజు సినిమా.

రాజుకు నత్తి. పట్టాభిషేకం రోజు నిండు కొలువులో నోరు తెరిచాడు, మాట రాలేదు. ఆయనకు మాట నేర్పిన ముసలి గురువు ఒక మూల నుంచి అరచెయ్యి ఎత్తాడు, ఎవరూ కదలొద్దన్నట్టు. ఎవరూ కదలలేదు. మంత్రులూ సేనాపతులూ ఆ ఒక్క మాట కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"పాపం, ఎంత నరకం" అన్నాడు కొడుకు సాయి కిరణ్. కోడలు వైశాలి కళ్లు తుడుచుకుంది. బాలామణికి ఏడుపు రాలేదు. అది ఎప్పుడో మానేసింది. రాజు కాబట్టి ఆగారు అనుకుని ఇంకో రెబ్బ తీసుకుంది.

ఆమె కోసం ఎవరూ ఆగలేదు. కొత్త కోడలిగా గడప ముందు నిలబడిన రోజున ఆడబిడ్డ మంగ తలుపుకు చేతులు అడ్డంపెట్టి, మొగుడి పేరు చెప్తేనే లోపలికి అంది. భాస్కర్ రావు. "భా... భా..." అంటూ మొదటి అక్షరం దగ్గరే నాలుక అతుక్కుపోయింది. "వదిన కాదే, లేగదూడ వచ్చింది మనింటికి" అంది మంగ. పందిరంతా నవ్వు. భాస్కర్ రావు విసుగ్గా తన పేరు తనే చెప్పేసి లోపలికి నడిచాడు. ఆ తర్వాత కాపురమంతా ఆమె మాటలు ఆయనే పూర్తిచేశాడు. డాక్టరుకు ఆమె నొప్పి ఆయన చెప్పాడు. కూరగాయల బండి దగ్గర ఆమె బేరం ఆయన ఆడాడు. తను అనబోయింది అది కాకపోయినా, తల ఊపడమే సులువని ఆమెకు తెలిసొచ్చింది. ఆయన పోయాక ఆ పని కొడుక్కి వచ్చింది, పొలం వచ్చినట్టే.

ఇక్కడ పసిపిల్లల్ని చూసుకునే కీటాలో పాపకు ఇంకా చోటు దొరకలేదు. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్తే పాప స్నానం, తిండి, నిద్ర, పార్కు అన్నీ బాలామణి చేతులమీదే. రెండేళ్లు నిండినా పాపకు మాటలు రాలేదు. ఒకరోజు వైశాలి ఎంతో మర్యాదగా, "అత్తమ్మా, ఏమనుకోకండి, పాపతో ఎక్కువ మాట్లాడకండి. మీ మాటతీరే తనకీ పట్టుకుంటే కష్టం" అంది. అప్పటి నుంచి ఆమె నోరు మూసుకునే పాపను పెంచుతోంది. పగలంతా ఆ ఇంట్లో గిన్నెకు చెంచా తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు.

సినిమా అయిపోయింది. రాజు చెప్పవలసింది చెప్పేశాడు.

"అమ్మా, రేపు నీ వీసా పొడిగింపుకు ఆఫీసువాళ్లు టైమిచ్చిన టెర్మిన్, గుర్తుందిగా" అన్నాడు సాయి కిరణ్. "నువ్వేం మాట్లాడకు, నేనే చెప్త. ఇంకో ఏడాది ఉంటవని."

"నే... నే..."

"నీకు ఓకే. అంతే కదా."

ఆమె తల సగం ఊగింది కూడా. అలవాటు. అప్పుడే పొట్టు అంటుకున్న అరచెయ్యి పైకి లేచింది. ఎత్తింది తనేనని ఆమెకు కాసేపటికిగాని తెలియలేదు. సాయి కిరణ్ ఆగాడు. వైశాలి ఫోను దించింది. మాటకు చాలాసేపు పట్టింది. మధ్యలో కొడుకు పెదవులు కదలబోయాయి. ఆమె చెయ్యి దించలేదు.

"పాపతోని నే... నేను మా... మాట్లాడత. వద్దంటే రే... రేపు రాను."

వైశాలి మొగుడి వైపు చూసింది. బాలామణి జవాబు కోసం చూడలేదు. ఒక తెల్లటి రెబ్బ తీసి ఈషాకు చూపించింది.

"వె... వె..."

పాప ఆమె నోటి వంకే చూస్తూ, ఆ మాట పూర్తయ్యేదాకా ఆగింది.