ఎదురింటికి దారి

ప్లానరమ్మ ఆఫీసు నుంచి వస్తూ వీధి మలుపులో టాక్సీ దిగేసరికి, రోడ్డుకు నట్టనడుమ డివైడరు మీద వాళ్లమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో క్యారియరు, ఇంకో చేతిలో కర్ర. ముందు మూడు వరుసల బండ్లు, వెనక మూడు వరుసల బండ్లు. లారీ పోయినప్పుడల్లా ముసలావిడ కాస్త వెనక్కి తూగి, మళ్లీ నిలదొక్కుకుంటోంది.

ప్లానరమ్మ పరుగున రోడ్డు అంచుకు వచ్చింది.

"అమ్మా! అక్కడేం చేస్తున్నావు?"

"నిలబడ్డాను! కనిపించట్లేదా?"

"అసలు అంతదాకా ఎలా వెళ్లావు?"

"సగం బాగానే వెళ్లానే! మిగతా సగమే కుదరట్లేదు!"

ప్లానరమ్మ హ్యాండ్‌బ్యాగు చంకన పెట్టి, చెయ్యి పైకెత్తి బండ్ల మధ్యలోకి దిగింది. నలుగురు హారన్లు కొట్టారు, ఒకడు అద్దం దించి మరీ తిట్టాడు. తల్లి రెక్క పట్టుకుని వెనక్కి లాగబోతే ఆవిడ కదిలితేనా! "ఇటు కాదు, అటు. అన్నం చల్లారిపోతోంది" అంది. చేసేదేముంది, అటే దాటించింది. అవతలి ఒడ్డున వసారాలో చక్రాల కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని ఉంది.

"వచ్చారా తల్లీ! మీ అమ్మ ఆ గట్టు మీద ఉన్నంతసేపూ నా ప్రాణాలు నాలో లేవనుకో" అంది పెద్దమ్మ.

ఈ అక్కచెల్లెళ్లిద్దరూ కావాలని ఎదురెదురుగా ఇళ్లు కొనుక్కున్నారు. అప్పుడది చిన్న వీధి. పొయ్యి మీద కూర పెట్టి ఉప్పు కోసం ఇక్కణ్ణుంచి అక్కడికి కేకేస్తే, కూర మాడేలోపు ఉప్పొచ్చేది. తర్వాత నగరం పెరిగింది, వీధి వెడల్పయింది, ఇంకా వెడల్పయింది, చివరికి విమానం దిగేంత అయింది. ఆ మధ్య పెద్దమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. కొడుకూ కోడలూ తెల్లారగానే పనులకు వెళ్తే సాయంత్రానికి గానీ రారు. పగలంతా ఆవిడకు ఒక ముద్ద పెట్టడానికైనా, ఒక మాట మాట్లాడటానికైనా చెల్లెలొక్కతే దిక్కు. చెల్లెలికేమో మోకాళ్లు అరిగిపోయాయి. చదునుగా ఉంటే కర్ర సాయంతో ఎంత దూరమైనా నడుస్తుంది. మెట్లు కనిపిస్తే మాత్రం కాళ్లు మొరాయిస్తాయి. డాక్టరు కూడా మెట్ల జోలికి వెళ్లొద్దని ఖరాఖండిగా చెప్పాడు.

టాక్సీలో వెళ్లొచ్చు కదా అంటారు చూసిన ప్రతివాళ్లూ. వెళ్లొచ్చు. డివైడరు ఎక్కడా తెగదు కనక, ఫ్లై ఓవరు కిందిదాకా పోయి మలుపు తిరిగి రావాలి. ఎదురింటికి ముప్పావుగంట ప్రయాణం! డ్రైవరు ఫోనులో మ్యాపు చూసి, "అమ్మా, మీరెక్కిందీ ఇక్కడే, దిగాల్సిందీ ఇక్కడే చూపిస్తోంది, సరిగ్గా చూసి చెప్పండి" అంటాడు. రోజూ ఒకడికి ఈ కథంతా విడమరచి చెప్పలేక ముసలావిడకు విసుగొచ్చింది. డివైడరులో పాత సందు ఉన్న చోట రెండు సిమెంటు దిమ్మల మధ్య మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అదే దారి పట్టింది.

"ఇంకోసారి ఇలా దాటావంటే నా మీద ఒట్టే" అంది ప్లానరమ్మ ఆ రాత్రి భోజనాల దగ్గర.

"ఒట్లు పెట్టడానికి ముందుంటావు. దాటకపోతే మీ పెద్దమ్మకు అన్నం ఎవరు పెడతారు? మీ ఆఫీసు పెడుతుందా? ఊళ్లకు ఊళ్లు గీసి పారేస్తానంటావు. ఎదురింటికి ఒక దారి గీయలేవూ?"

ప్లానరమ్మ మొగుడు నవ్వు ఆపుకోలేక మంచినీళ్లు తాగాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. వీధిలో వాళ్లకు ఆవిడ అసలు పేరు గుర్తే లేదు. నగర ప్రణాళికా విభాగంలో పనిచేస్తుంది కనక అందరికీ ప్లానరమ్మే. దీపం వెలగకపోయినా ఆవిడే కారణం, కుళాయిలో నీళ్లు రాకపోయినా ఆవిడే. ఇప్పుడు కన్నతల్లి కూడా ఆ వరసలో చేరింది.

మర్నాడు ఆఫీసులో అడుగు పెట్టగానే గోడకు కొత్త బ్యానరు వేలాడుతోంది. 'పాదచారికే పెద్దపీట' అని. డైరెక్టరుగారు ఏదో సదస్సుకు వెళ్లొచ్చారు. వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒక కొత్త మాట పట్టుకొస్తారు. ఈసారి తెచ్చింది పావుగంట నగరం. బడి, ఆసుపత్రి, అంగడి, అయినవాళ్లు, అన్నీ పావుగంట నడకలో ఉండాలట. మంచి మాటే. దానికోసం కంప్యూటరు చేత నగరమంతటికీ రంగులేయించారు. నడవడానికి హాయిగా ఉన్న చోట్లు ముదురు ఆకుపచ్చ, లేని చోట్లు ఎరుపు. ప్లానరమ్మ తన వీధి కోసం వెతికింది. కళ్లు చెదిరేంత ఆకుపచ్చ! వాళ్లింటికీ పెద్దమ్మింటికీ మధ్య నడక ఎంతని చూస్తే, ఒక్క నిమిషం అని చూపించింది.

"సార్, ఇది తప్పు" అంది.

"తప్పెలా అవుతుందమ్మా? సదస్సు వాళ్లిచ్చిన సాఫ్ట్‌వేరు."

"రోడ్డు మీదుగా గీత గీసేసింది సార్. మనిషి అలా దాటలేడు. అక్కడొక సిగ్నల్ పెడితే..."

"తప్పకుండా! పాదచారికే కదా మన పెద్దపీట. ట్రాఫిక్ విభాగాన్ని అడుగు" అని ఆయన చేతులు దులుపుకున్నారు.

ట్రాఫిక్ విభాగం పై అంతస్తులో ఉంటుంది. అక్కడి ఇంజనీరు చెడ్డవాడేం కాదు. కుర్చీ వేసి, టీ తెప్పించి మరీ కాదంటాడు.

"గంటకు వందమంది దాటే చోట సిగ్నల్ ఇస్తాం మేడమ్. మీ దగ్గర పది మంది కూడా దాటట్లేదు."

"దాటితే చస్తారని దాటట్లేదండీ."

"నేననేదీ అదే. దాటట్లేదు. ఎవరూ దాటని చోట సిగ్నల్ పెడితే నన్ను చూసి నవ్వరా?"

"సిగ్నల్ పెడితే దాటుతారు!"

"దాటితే పెడతాం" అన్నాడు శాంతంగా.

ప్లానరమ్మకు తల గోడకేసి కొట్టాలనిపించింది. ఎవరి తల అన్నది మాత్రం ఆలోచించుకోవాల్సిన విషయం. కాళ్లకు బలపాలు కట్టుకుని ఆ రెండు అంతస్తుల మధ్య తిరగ్గా తిరగ్గా, చివరికి మరోసారి లెక్క తీయడానికి ఇంజనీరు ఒప్పుకున్నాడు. గురువారం ఒక్కరోజు స్తంభానికి కెమెరా కడతారు, దాటినవాళ్లందరినీ అదే లెక్కపెట్టుకుంటుంది.

ఆ సంగతి ఇంట్లో చెప్పింది. చెబుతూ, "దాటాలనుకుని భయపడేవాళ్లు ఆ ఒక్కరోజు ధైర్యం చేస్తే బాగుండు. వందమంది చాలమ్మా, అంతకు మించి అక్కర్లేదు" అంది.

"వందకేం భాగ్యం!" అని తల్లి అప్పుడే ఫోను అందుకుంది.

అక్కచెల్లెళ్లు చెరో ఒడ్డున ఫోన్లు పట్టుకుని ఏం మాట్లాడారో, ఎవరెవరితో మాట్లాడారో ఆ దేవుడికే తెలియాలి. గురువారం మధ్యాహ్నం ప్లానరమ్మ సెలవు పెట్టి ఇంటికొచ్చేసరికి రోడ్డు మీద జనమే జనం. టైలరు మెడలో టేపు తీయకుండానే దాటుతున్నాడు. జిమ్ము మాస్టారు తన బ్యాచి మొత్తాన్ని వరసలో నిలబెట్టి అటూ ఇటూ తిప్పుతున్నాడు. మందుల షాపాయన షట్టరు సగం దించి వచ్చాడు. సంగీతం పంతులమ్మ శిష్యురాళ్లను చేతులు పట్టించి తీసుకెళుతోంది. రిటైరైన ఇద్దరు పెద్దమనుషులు ఎవరెక్కువసార్లు దాటారో తేల్చుకోలేక డివైడరు మీదే వాదులాడుకుంటున్నారు. ఇంతమందిని చూసి బస్సులు కూడా నోరు మూసుకుని ఆగాయి.

"అమ్మా! వంద అన్నాను కదే!" అని నెత్తి కొట్టుకుంది ప్లానరమ్మ.

"ఎక్కువైతే నష్టమేంటే? వచ్చినవాళ్లను పొమ్మంటామా?"

నష్టమేంటో ప్లానరమ్మకూ తోచలేదు. పైగా, నిజం చెప్పాలంటే, సంతోషంగానే ఉంది. తల్లి ఆ రోజు జనం మధ్య నింపాదిగా, కర్ర ఊపుకుంటూ నడిచి వెళ్లింది. అక్క పక్కన పీట వేసుకుని కూర్చుని, ఇద్దరూ ఒకే గిన్నెలో కలుపుకుని తిన్నారు. దాటొచ్చిన ప్రతివాడూ పెద్దమ్మను పలకరించి పోయాడు. ఆవిడ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఇంత చిన్నదానికా ఇన్నాళ్లు ఏడిపించారు అనుకుంది ప్లానరమ్మ.

సోమవారం సమావేశంలో ఇంజనీరు వీడియో వేసి చూపించాడు. డైరెక్టరుగారు నోరెళ్లబెట్టారు.

"గంటకు ఆరొందలమంది! నా సర్వీసులో చూడలేదు సార్" అన్నాడు ఇంజనీరు.

"మరి సిగ్నల్ ఎప్పుడు పెడతారండీ?" అంది ప్లానరమ్మ, గెలిచిన గొంతుతో.

"సిగ్నలా? ఇంతమంది కోసం ఆపుతూ పోతే బండ్లు కదలాలా వద్దా మేడమ్? ఇంత రద్దీకి సిగ్నల్ సరిపోదు. ఫుట్ బ్రిడ్జి వేయాల్సిందే."

"మెట్లా?"

"మెట్లే."

"ముసలివాళ్లు? కుర్చీల్లో తిరిగేవాళ్లు? లిఫ్టు పెడతారా?"

"లిఫ్టు రెండో దశలో. వాలు దారికి స్థలం లేదు. ఇంకో మాట మేడమ్, ఈ వీడియో చూస్తే నాకు భయమేసింది. బ్రిడ్జి పూర్తవడానికి ఏడాదైనా పడుతుంది. అందాకా ఇలా అడ్డదిడ్డంగా దాటకుండా డివైడరు పొడుగునా ఇనప కంచె వేసేస్తున్నాం. వచ్చే సోమవారం పని మొదలు."

ప్లానరమ్మ ఇక దాచి లాభం లేదనుకుని గబగబా చెప్పేసింది. ఆ జనమంతా మా అమ్మా పెద్దమ్మా పోగేసినవాళ్లండీ, వాళ్లలో సగంమందికి అవతల పనే లేదు, అని.

ఇంజనీరు కోప్పడలేదు. తీరిగ్గా ఆలోచించాడు.

"అయితే నిజంగా దాటేది ఆ పది మందేనన్నమాట. అప్పుడు బ్రిడ్జి కూడా అక్కర్లేదు. కంచె చాలు."

"ఎక్కువమంది దాటితే బ్రిడ్జి, తక్కువమంది దాటితే కంచె! మరి సిగ్నల్ ఎవరికిస్తారండీ మీరు?"

"మధ్యస్తంగా దాటేవాళ్లకి."

"బ్రిడ్జే ఖాయం చేయండి" అన్నారు డైరెక్టరుగారు మురిసిపోతూ. "ఇంతవరకూ పాదచారికి నేల మీదే పెద్దపీట వేశాం. ఇప్పుడు ఏకంగా ఆకాశంలో వేస్తున్నాం!"

ప్లానరమ్మ అరిచింది. జన్మలో మొదటిసారి సమావేశంలో బల్ల గుద్ది మరీ అరిచింది. కంచె వాయిదా వేయమంది, లిఫ్టు మొదటి దశలో పెట్టమంది, పోనీ ఆ సందు దగ్గర ఒక్క మనిషినైనా కాపలా ఉంచమంది. అందరూ తలలూపారు. ఊపి, మినిట్స్‌లో 'చర్చించడమైనది' అని రాశారు.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో టైలరు, జిమ్ము మాస్టారు, ఇంకా నలుగురు. బ్రిడ్జి సంగతి అప్పుడే పొక్కింది. "సాధించాం ప్లానరమ్మా!" అని జిమ్ము మాస్టారు చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆవిడ పళ్లు నూరుకుని లోపలికి పోయింది.

తల్లి అంతా విన్నది.

"మెట్లెన్ని?"

"నలభై పైమాటే. అటు దిగడానికి మళ్లీ అన్ని."

"కంచె?"

"సోమవారం."

ముసలావిడ ఆ వారమంతా మామూలుగానే ఉంది. ప్లానరమ్మ మాత్రం ఎక్కని మెట్టు లేదు, మొక్కని అధికారి లేడు. ఎవరి దగ్గరికెళ్లినా అభినందనలు చెప్పి పంపించారు.

ఆదివారం పొద్దున ఆవిడ లేచేసరికి హాల్లో సంచీ సర్ది ఉంది. బట్టలు, మందులు, మోకాళ్ల నూనె, తలదిండు.

"ఎక్కడికమ్మా?"

"అక్క దగ్గరికి."

"ఎన్నాళ్లు?"

"ఆ లిఫ్టు వచ్చేదాకా."

"లిఫ్టు రాదమ్మా." ప్లానరమ్మ సంచీని తనవైపు లాక్కుంది. "రెండో దశ అంటే ఎప్పటికీ రాదని. నాకు తెలుసు."

"నాకూ తెలుసులే."

"పెద్దమ్మనే ఇక్కడికి తెచ్చుకుందాం. వాళ్లబ్బాయితో నేను మాట్లాడతాను."

"ఆవిడ కుర్చీ మన స్నానాల గది గుమ్మంలో పట్టదు. కొడుకూ కోడలూ ఉన్న ఇల్లు వదిలి రమ్మంటే ఏ ముఖం పెట్టుకుని వస్తుంది?"

"ఇల్లు కొట్టించి కట్టిస్తాను. నువ్వు మాత్రం వెళ్లకమ్మా."

తల్లి కూతురి తల దగ్గరికి తీసుకుంది. "నిన్ను వదిలి పోతున్నానని కాదే పిచ్చిదానా. నీకు కాళ్లున్నాయి. నువ్వు ఎక్కి రాగలవు. ఆవిడ రాలేదు, నేను ఎక్కలేను, రోజూ అంతసేపు టాక్సీలో తిరగనూ లేను. మా ఇద్దరిలో ఒకరు అటో ఇటో ఉండిపోవాలి. రేపటి నుంచి ఆ సందు కూడా ఉండదు."

కంచె ఊచలు అప్పటికే డివైడరు వెంట కట్టలు కట్టి పడేసి ఉన్నాయి. ప్లానరమ్మ సంచీ భుజాన వేసుకుని, తల్లి చెయ్యి పట్టుకుని రోడ్డు దిగింది. ఆదివారం కనక బండ్లు తక్కువే. అయినా ఆవిడ చెయ్యి ఎత్తే నడిచింది. సిమెంటు దిమ్మల మధ్య ముందు తల్లిని పంపింది, తర్వాత సంచీ, తర్వాత తను. వసారాలో పెద్దమ్మ సంచీ చూసి, విషయం అర్థమై, ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఏడవకండి. ఇద్దరిలో ఎవరేడ్చినా నేను ఊరుకోను" అని కసిరిన ప్లానరమ్మే ముందుగా ఏడ్చింది. ఆఫీసును తిట్టింది, ఇంజనీరును తిట్టింది, ఆ ఆకుపచ్చ మ్యాపును నోటికొచ్చినట్టు తిట్టింది. అక్కచెల్లెళ్లిద్దరూ అడ్డు చెప్పకుండా విన్నారు.

"బ్రిడ్జి వచ్చేదాకా టాక్సీలో వస్తాను. వచ్చాక ఎక్కి వస్తాను. రోజూ వస్తాను" అంది చివరికి, ముక్కు తుడుచుకుని.

"రోజూ వద్దే" అంది తల్లి. "అన్ని మెట్లు రోజూ ఎక్కి దిగావంటే నీ మోకాళ్లూ పోతాయి. వారానికోసారి రా, చాలు."

ప్లానరమ్మ లోపల మంచం మీద తల్లి తలదిండు సర్ది, మందుల డబ్బా చేతికందేలా పెట్టి, మళ్లీ రోడ్డు అంచుకు వచ్చి బండ్లు తగ్గడం కోసం నిలబడింది.