పదకొండు పలకలు

మ్యూల్ క్రీక్ జలపాతం నిండుగా ఉండేది ఏడాదికి ఐదారు వారాలే. పైన సియెర్రా కొండల్లో మంచు కరిగే ఏప్రిల్ మధ్య నుంచి మే నెలాఖరు దాకా. తర్వాత రోజురోజుకీ సన్నబడి, ఆగస్టు నాటికి బండ మీద తడి చారగా మిగులుతుంది. మా అక్క లొవీనాకి డాక్టర్లు చెప్పిన గడువు చలికాలం దాకా. అంటే ఆమెకి మిగిలింది ఒక్క జలపాతం.

"అవతలి గట్టు నుంచి చూడాలిరా జోరీ," అంది ఆ వసంతంలో. "నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించిన చోటు నుంచే. ఇవతల బండ అడ్డం. సగమే కనబడుతుంది."

దారితో ఇబ్బంది లేదు. ఒకప్పుడు బంగారం కడగడానికి కొండ చుట్టూ తవ్విన కాలువ అది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన మా ముత్తాత కూడా తవ్వాడు. నూరడుగులకి రెండంగుళాల వాలు మించదు. నీళ్లు పోయి కాలిబాట అయింది. చక్రాల కుర్చీకి అంతకన్నా సాఫీ దారి ఈ కొండల్లో దొరకదు. మైలున్నర వెళితే లోయ మీద పాత చెక్క వంతెన, అది దాటితే నాన్న నిలబడ్డ గట్టు.

ఇబ్బందల్లా ఆ వంతెనే. అది నాకొక్కడికే తెలుసు.

నాది కలప దుకాణం. పద్దెనిమిదేళ్ల కిందట కాలిబాట సంఘం వాళ్లు వంతెనకి కొత్త పలకలు అడిగారు. దేవదారు, అందులోనూ చెట్టు నడిమి చేవ మాత్రమే, నూట ఇరవై. నా దగ్గర నూట తొమ్మిదే తేలాయి. మిగతా పదకొండు చెట్టు పైపొర నుంచి కోసిన, తడికి పుచ్చిపోయే తెల్లచెక్క పెట్టి, నూనెలో రంగు కలిపి పట్టించాను. కంటికి తేడా తెలియదు. వాటిని మోపు మధ్యలో దూర్చాను. పైనా కిందా మంచి సరుకు, మధ్యలో తక్కువది: ఏ వ్యాపారైనా చేసేదే. సంఘం వాళ్లు మోపు పైనుంచి ఒక్కొక్కటే తీసి ఈ చివర నుంచి ఆ చివరకి పరుచుకుంటూ పోయారు. మోపు మధ్యలోవి వంతెన మధ్యకి చేరాయి. జలపాతం తుంపర పడేది సరిగ్గా అక్కడే. ఆ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

అక్క అడిగిన మర్నాడు ఒక్కణ్ణే వెళ్లి చాకుతో పొడిచి చూశాను. పైన పావంగుళం గట్టిగానే ఉంది. ఆ తర్వాత చాకు పిడి దాకా దిగింది. నడిచే మనిషిని ఇంకా మోస్తుందేమో. అక్క కుర్చీ మోటారుది. ఆమెతో కలిపి నాలుగు వందల పౌండ్లకి పైనే, నాలుగు చిన్న చక్రాల మీద.

అంచుల కింద మాత్రం దూలాలున్నాయి, గట్టివి. వంతెన దగ్గర అక్కని దింపి, అంచు వెంబడి మోసుకుపోతాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నా ఎత్తుగడ అది.

మే రెండో ఆదివారం బయల్దేరాం. కాలిబాట చూసుకునే ఎమెట్ క్వేల్ తోడు వచ్చాడు. చిన్నప్పుడు అక్క దగ్గరే చదువుకున్నాడు.

"టీచర్, ఈ బండికి లైసెన్సుందా?"

"రెండేళ్లు తంటాలు పడ్డా నీకు భాగహారం ఎక్కలేదు. అయినా పాస్ చేశాను. నా లైసెన్సు సంగతి నీకెందుకు, నడు."

వంతెన మొదట్లో పాత కాలపు బోర్డు ఉంది, గుర్రాలను పరుగెత్తిస్తే జరిమానా అని. ఎమెట్ దాన్ని చూపించి నవ్వాడు. నేను కుర్చీ ముందుకొచ్చి నిలబడ్డాను.

"అక్కా, ఇక్కడ దిగు. నేను ఎత్తుకెళ్తా."

"నీ నడుముకే బెల్టు కట్టుకున్నావు. నన్నేం ఎత్తుతావు, తప్పుకో."

"పలకలు తడిగా ఉన్నాయి. జారుతుంది."

"నడిచేవాడు జారతాడురా, చక్రం కాదు."

చేతికర్ర ముందుకి చాచి మొదటి పలక మీద కొట్టింది. ఖణేలుమంది. అది నాన్న అలవాటు. గనిలో తలమీది బండని ఇనపకడ్డీతో కొట్టి వినకుండా ఆయన అడుగు వేసేవాడు కాదు. గట్టి బండ మోగుతుంది, వదులైంది డొల్లగా పలుకుతుంది. అక్క జీవితమంతా నిచ్చెనలూ రొట్టెలూ మంచుగడ్డలూ అన్నీ అలా కొట్టి చూసిందే. ఇది కూడా కొడుతుందని నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

ఒక్కో పలక కొడుతూ, వింటూ, కుర్చీని జరుపుతూ పోయింది. నేను లెక్కపెట్టాను. యాభై నాలుగు మోగాయి. యాభై ఐదోది దబ్బుమంది.

ఆగింది. మళ్లీ కొట్టింది. కర్ర చాచి దాని తర్వాతది కొట్టింది, ఆ తర్వాతది కూడా.

"ఎమెట్, ఇవి ఎప్పుడు చూశావు?"

"కిందటి శరదృతువులో, టీచర్. ఒక్క పగులు లేదు."

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది. బళ్లో పిల్లల్ని చూసేటట్టే, తొందరేం లేదన్నట్టు.

"జోరీ. ఇవి ఎవరి పలకలు?"

"నావే," అన్నాను. "ఇక్కడి నుంచి పదకొండు. చేవ కాదు."

ఎమెట్ వంగి ఆ పలకని గోటితో గీకి చూశాడు. తర్వాత, గొంతు పెంచకుండానే అన్నాడు. "ఏటా నాలుగో తరగతి పిల్లల్ని తెస్తాను. ముప్ఫైమంది. సరిగ్గా అక్కడే నిలబెట్టి ఫొటో తీస్తాను."

పిల్లలు బరువుండరు అన్న మాట నా నాలుక చివర సిద్ధంగా ఉంది. పద్దెనిమిదేళ్లు నాకు నేను చెప్పుకున్నదే. మింగేశాను.

"అక్కా, అంచు గట్టిదే. దాని మీంచి మోసుకెళ్తాను. నీళ్లు ఇలా మళ్లీ..."

"బుధవారం ఎమెట్ పిల్లల్ని తెస్తే వాళ్లనీ మోస్తావా?"

"అది వేరే సంగతి. నీకు ఇది ఒక్కటే..."

"ఒక్కటేనని నాకు తెలుసురా. ముందు దారి మూయి."

కుర్చీని వెనక్కి నడిపింది. తినడానికి తెచ్చుకున్న పేస్టీ, మాంసం కూరిన రొట్టె, దాని అంచు విరిచి వంతెన మొదట్లో పెట్టింది. గనిలో కూలేచోట చప్పుడు చేసి హెచ్చరిస్తాయని గనివాళ్లు నమ్మే పొట్టి భూతాల వాటా అది. నాన్న ఏనాడూ మరవలేదు. అవతల జలపాతం హోరు వినబడుతూనే ఉంది. అక్క అటు చూడలేదు.

ఎమెట్ ఆ పూటే గొలుసు కట్టాడు. దాటించి మోసుకెళ్తానంటే, ఆ గొలుసు తనకీ కట్టిందేనంది అక్క. ఎందుకు మూశారో బోర్డు కూడా రాయమంది. నా పేరూ దుకాణం పేరూ వేసి రాశాను. ఊళ్లో కొందరు నా దగ్గర కొనడం మానేశారు. అంత పొడవు చేవ దొరకడానికి, కోసి ఆరబెట్టడానికి మూడు నెలలు పట్టింది. తొందరపెట్టలేదు, పచ్చి పలక వంకరపోతుంది. వాటిని ఎమెట్ ఎదుట నా చేత్తోనే బిగించాను.

ఆగస్టు ఇరవయ్యోన అక్కని మళ్లీ తీసుకెళ్లాను. ఆమె గొంతు అప్పటికే సన్నబడింది, చేయి మాత్రం నిలకడగానే ఉంది. నూట ఇరవై పలకలూ కొట్టింది. అన్నీ మోగాయి. అవతలి గట్టు మీద కుర్చీ తనే తిప్పుకుంది. నల్లటి బండ మీద వేలెడు వెడల్పున తడి.

చూస్తూ కూర్చుంది.

"నాన్న భుజాల మీంచి ఇంకా ఎత్తుగా ఉండేది," అంది.

నేను నీళ్ల గురించి ఏదో మొదలుపెట్టాను.

"వద్దులే," అంది. "పద. పోయేటప్పుడు పిల్లలు నిలబడేచోట, యాభై తొమ్మిదోది, ఇంకోసారి వినాలి. ఈసారి నువ్వూ వంగి విను."

వంగి విన్నాను.