పదో వాక్యం

బిగిన్ అనే మాటతో సోమవారానికి పది ఇంగ్లీషు వాక్యాలు రాసుకు రమ్మన్నాడు సారు. అర్థం ఎస్తేరుకు తెలియక కాదు. మొదలవడమన్నా, మొదలుపెట్టడమన్నా అదే మాట. "ఒట్టిగ బిగిన్ అని ఇడ్శిపెట్టొద్దు. ఏంది మొదలైతది, ఎప్పుడు మొదలైతది, రెండూ ఉండాలె," అని సారు మరీ చెప్పాడు. బడి తొమ్మిదింటికి మొదలవుతుంది. వానాకాలం జూన్‌లో మొదలవుతుంది. ఆరాధన పదింటికి మొదలవుతుంది. అలా తొమ్మిది పూర్తిచేసి, బావి గట్టు మీద కూర్చుని పదోదాని కోసం పెన్ను కొరుకుతోంది.

బావిలో వాళ్ల నాన్న మాసయ్య ఉన్నాడు. ఇటిక్యాల దగ్గర గుత్తకు పట్టిన మూడెకరాల చేనుకు ఆ బావే దిక్కు. మోటరు వైరు అతుకు దగ్గర కాలిపోయింది. పొద్దున్నే కరెంటు పోవడంతో ఇదే అదునని మోకాలి లోతు నీళ్లలోకి దిగి, ఉత్త చేతులతో తీగలు మెలిపెడుతున్నాడు.

దిగే ముందు ఫోను ఆమె చేతికిచ్చాడు. "తడుస్తది. నీ తాన పెట్టుకో బిడ్డా."

"స్టార్టర్ బందు చేసి రావా నాయినా?" అని ఎస్తేరు మెల్లగా అడిగింది.

"కరెంటే లేదు, బందు చేసేదేంది? నీకు బల్లి పలికినా భయమే."

స్టార్టరు డబ్బా చేను అవతలి కొసన స్తంభానికి ఉంది. దసరా అయ్యాక మెకానిక్కు రామన్న దాంట్లో సిమ్ము పెట్టి పోయాడు. అప్పటినుంచి కరెంటు పోయినా, వచ్చినా ఫోనుకు ఇంగ్లీషులో మెసేజీ వస్తుంది. మాసయ్యకు చదవడం రాదు. వచ్చినవి వచ్చినట్టు తుడిచేస్తాడు.

ఒళ్లో ఫోను టింగుమంది. 'పవర్ ఈజ్ బ్యాక్. మోటర్ విల్ బిగిన్ ఇన్ వన్ మినిట్.'

ఎస్తేరుకు ముందు సంతోషమే కలిగింది. వెతుకుతున్న మాట తనంతట తనే వచ్చి ఒళ్లో పడింది. ఏది మొదలవుతుందో ఉంది, ఎప్పుడో కూడా ఉంది. నోటుబుక్కులో ఒక్కో మాటా చూసి కుదురుగా ఎక్కించసాగింది. మోటర్. విల్. బిగిన్.

పెన్ను అక్కడ ఆగిపోయింది.

ఏ మోటరు? కరెంటు వచ్చింది, నిమిషంలో మోటరు మొదలవుతుంది అని కదా ఆ మాటలు.

బావిలోకి వంగి "నాయినా" అని పిలవబోయింది. క్లాసులో పాఠం చదవమన్నప్పుడు పూడుకుపోయినట్టే గొంతు పూడుకుపోయింది. పిలుపు పెదవులు దాటలేదు. కింద మాసయ్య తీగ చివరను పళ్లతో కొరికి లాగుతున్నాడు.

నిమిషంలో ఎంత రాతకే పోయిందో తెలియదు. పరుగెత్తింది. చెప్పులు ఊడిపోయాయి. పత్తికట్టె మొదళ్లు అరికాళ్లను చీరాయి. డబ్బాలో పచ్చలైటు మిణుకుమిణుకుమంటోంది. దాన్ని ముట్టొద్దని చిన్నప్పటినుంచీ అమ్మ చెబుతూనే ఉంది. ఎస్తేరు కళ్లు మూసుకుని మెయిన్ స్విచ్చి పిడి కిందికి గుంజింది. లోపల టక్కుమంది. లైటు ఆరిపోయింది.

తను ముందో, మోటరు ముందో అర్థం కాలేదు.

తిరిగి బావి వైపు నడిచింది. బావిలోంచి చప్పుడు లేదు. గట్టు దాకా వచ్చి, లోపలికి చూసే ధైర్యం లేక నేలకేసి చూస్తూ నిలబడింది.

"ఏడవోయినవే? టేపు ఇయ్యిమని ఎంతసేపు పిలవాలె?" కింద నుంచి మాసయ్య గొంతు.

ఆయన విసుక్కుంటూ పైకెక్కి వచ్చాడు. కూతురి పాదాల మీది నెత్తురు చూశాడు, చేతిలో ఫోను చూశాడు.

"ఏమున్నదే దీంట్ల?"

ఎస్తేరు చెప్పింది. కరెంటు రాగానే, ఎవరూ ఒత్తకుండానే, ఒక్క నిమిషం ఆగి మోటరు దానంతటదే మొదలవుతుందని. ఇన్నాళ్లూ ఆయన తుడిచేసినవాటిలోనూ ఇదే ఉండి ఉంటుందని.

"మోటరు నడుస్తుంటే మీ అమ్మ ఒత్తిందనుకున్న," అంటూ మాసయ్య స్తంభం దిక్కు చూశాడు.

"సిమ్ము పెట్టినంక గిట్ల దిగుడు ఇది నాలుగోసారి," అన్నాడు. "పోయిన వారం మీ అమ్మను గూడ దింపిన. తీగ పట్టుకోమని."

ఆ మాట అని, గట్టుకు దూరంగా జరిగి నేల మీద కూలబడ్డాడు.