సున్నా మీది ముల్లు

ఇలా దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే కథ కాదిది.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం మాట. విశాఖ పాతూర్లో రేడియోలు బాగుచేసే గులాం మొహమ్మద్ పోయి అప్పటికి ఏడాది. బల్ల మీద కరెంటుని తగ్గించి పెంచే వేరియాక్ పెట్టె ముల్లు సున్నా మీదే ఉంది, దానికి తగిలించిన రేడియో రేకు మీద చెయ్యి వేసినవాడు వేసినట్టే ఒరిగిపోయాడు. సున్నాలో కరెంటెక్కడిది? ఏదో గాలి పట్టుకుపోయిందన్నారు. ఇంటి ముందుగదే కొట్టు. భార్య ఖైరున్నీసా దానికి తాళం వేసేసింది.

ఆ డెబ్బై తొమ్మిదిలో ఒక రోజు మరిది నిసార్ తాళం తీసి ప్లగ్గు పెట్టాడు. వేరియాక్ గుయ్‌మంది. గుమ్మంలో చేపల తట్ట దించబోయిన చిలకమ్మ వెనక్కి తగ్గింది.

"ఓలమ్మో, మీ ఆయనే మూలుగుతన్నాడే! సేపలు రేపు తెత్తాను."

ఖైరున్నీసా మరిది చొక్కా పట్టుకు లాగింది. "కట్టెయ్ నిసార్! నువ్వు కూడా పోతావు."

"దెయ్యమేటి భాభీ, ఇలా సూడు." వేరియాక్ మూత విప్పాడు. ఇనప కడియానికి వరసగా చుట్టిన రాగి తీగ. "ఈ బొగ్గుముక్క తీగ మీద ఎక్కడాగితే అంత వోల్టేజీ. సినిమాహాల్లో దీపాలు మెల్లిగా ఆరేది ఇలాంటిదాంతోనే. మూలబడ్డ రేడియోకి ఒక్కసారే కరెంటిత్తే లోపల పేలిపోతాది. అందుకే సున్నా నుంచి తిప్పుకొత్తాం."

"మరి ఆయన సున్నాలో ఎలా పోయాడు?"

నిసార్ టెస్టర్ని దానికి తగిలించే ఉన్న రేడియో రేకుకి ఆనించాడు. వెలగలేదు. రెండు పుల్లల ప్లగ్గు పీకి, తిరగేసి గుచ్చాడు. ముల్లు సున్నా మీదే ఉంది, టెస్టర్ ఎర్రగా వెలిగింది.

"లోపలున్నది ఒకటే తీగ భాభీ. ప్లగ్గు తిరగబడితే సున్నాలో కూడా కరెంటు రేకు దాకా వచ్చేత్తాది. అన్న ఎప్పుడూ ప్లగ్గు మీది ఈ తెల్లచుక్క పైకే పెట్టీవోడు. ఆ రోజు ఎవరు తిప్పీసారో!"

ఖైరున్నీసా ఆ తెల్లచుక్క వంక చూసింది. ప్రాణం పోయిన ఆ శుక్రవారం ఆయన అన్నం తింటుండగా, నమాజుకి లాల్చీ ఇస్త్రీ చేద్దామని ఆ ప్లగ్గు పీకింది తనే. మళ్లీ ఎలా పడితే అలా గుచ్చేసింది. ఏడాదంతా గాలిని తిట్టిపోసింది, తాయెత్తులు కట్టించింది. ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే నెపం గాలి మీదే ఉండిపోతుంది.

"నానే, నిసార్," అంది.

ప్లగ్గు పీకేశాడు. మూలుగు ఆగిపోయింది. చిలకమ్మ మాటకి ఆ మూలుగులోనైనా ఆయన ఉన్నాడనిపించింది, ఇక అదీ లేదు. ఆ నిశ్శబ్దమే ఆమెను బతికినంత కాలం వెంటాడింది.

నిసార్ మళ్లీ తెరిచిన ఆ కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ తన నోటితోనే చెప్పేది. మీరూ గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి. గాలి మీదికి నెట్టకండి, ఆమె పేరుతోనే చెప్పండి. ఆమె అలాగే చెప్పమంది.